డబ్బాలో వచ్చే వాటర్ చెస్ట్‌నట్: ఫ్రూట్ సలాడ్‌లో కసుక్కుమనే ముక్క కోసం

నాన్నకి వాసన తెలియకుండా పోయి రెండేళ్ళయింది. గట్టి జలుబు ఒకటి వచ్చి తగ్గింది, దాంతోపాటే వాసన కూడా పోయింది. మళ్ళీ రాలేదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుకకి తెలుస్తాయి. కళ్ళు మూసుకుని తాగితే మాత్రం ద్రాక్ష రసానికీ యాపిల్ రసానికీ తేడా చెప్పలేరు. మొదటి ఆరు నెలలూ ఆయన తినే తీరు చూస్తే నాకు ఏడుపొచ్చేది. రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకి జరిపేసేవారు. ఒకరోజు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి యాపిల్ కోసిస్తే మొత్తం తినేశారు. "బాగుందా నాన్నా?" అంటే, "కొరికితే తెలుస్తోందమ్మా" అన్నారు.

అప్పటినుంచీ నేను ఫ్రూట్ సలాడ్ చేసేటప్పుడు ముందు చూసుకునేది పంటి కింద చప్పుడు. తర్వాతే తీపి, పులుపు. డబ్బాల్లో నీళ్ళలో వేసి అమ్మే వాటర్ చెస్ట్‌నట్ గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. రెండు నెలల్లో ఐదు డబ్బాలు వాడాను.

దీని దాకా ఎలా వచ్చానో ముందు చెప్పాలి. మా చెల్లి ఒక సలాడ్ ఎలా చేయాలో రాసి పంపింది. యాపిల్, నారింజ, పైనాపిల్, ద్రాక్ష, ఒక కప్పు హికామా ముక్కలు, గుప్పెడు పెకాన్ పప్పులు (వాల్‌నట్ లాంటివి). ఆ చివరి రెండూ నాకు ఎక్కడా దొరకలేదు. హికామా మెక్సికో వైపు పుట్టిన దుంప. పైన గోధుమరంగు తొక్క, లోపల తెల్లటి కండ, అందులో దాదాపు 90 శాతం నీళ్ళు. పచ్చిగానే తింటారు, కాస్త తియ్యగా ఉంటుంది, కోసి ఉంచినా యాపిల్‌లా తొందరగా రంగు మారదు. విత్తనాలు తెప్పించి పెంచుకుందామా అని కూడా ఆలోచించాను. ఎవరికైనా అదే ఆలోచన వస్తే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ మొక్కలో తినదగ్గది దుంప ఒక్కటే. గింజల్లో, ఆకుల్లో రోటినోన్ అనే విషం ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు పెట్టుకోకండి.

సరే, హికామా లేదు కదా అని మొదటిసారి దాని బదులు వేయించిన వేరుశనగపప్పు వేశాను. కొరికితే చప్పుడు రావాలి, అంతే కదా అనుకున్నాను. కలిపిన వెంటనే బాగానే ఉంది. నాన్న స్నానం చేసి వచ్చి కూర్చునేసరికి అరగంట పట్టింది. ఆలోపు పప్పు నారింజ రసం పీల్చేసి, మెత్తబడి, పొట్టు ఊడి గిన్నెలో తేలుతోంది. నాన్న ఏమీ అనలేదు. నాలుగు చెంచాలు తిని గిన్నె నా చేతికిచ్చారు. ఆరోజు రాత్రంతా ఎక్కడ తప్పు జరిగిందా అని ఆలోచించాను.

మన మాటల్లోనే ఆ తేడా ఉందని తర్వాత తట్టింది. కీరా కసుక్కుమంటుంది. వేయించిన పప్పు కరకరలాడుతుంది. చెవికి రెండూ చప్పుళ్ళే, కానీ పుట్టే చోటు వేరు. కసుక్కుమనే దాంట్లో ప్రతి కణం నీళ్ళతో నిండి, గాలి కొట్టిన బంతిలా బిగిసి ఉంటుంది. పన్ను దిగగానే అది పగిలి రసం చిమ్ముతుంది. కరకరలాడే దానికి నీళ్ళు లేకపోవడమే బలం. బాగా వేగిన గింజలో తేమ 5 శాతం కూడా ఉండదు, అందుకే పుటుక్కున విరుగుతుంది. అలాంటిదాన్ని పళ్ళ రసంలో పడేస్తే ఎంతసేపు నిలుస్తుంది? హికామా కసుక్కుమనే జాతి. దాని బదులు వేసేది కూడా ఆ జాతిదే అయ్యుండాలి. పెకాన్ కరకరలాడే జాతి, దానికి బదులు వేరేగా వెతుక్కోవాలి. రెండు ఖాళీల్నీ ఒకే దాంతో నింపబోయాను, అదీ జరిగిన పొరపాటు.

అలా వెతుకుతుంటే వాటర్ చెస్ట్‌నట్ డబ్బా కనబడింది. పేరులో నట్ అని ఉంది కానీ ఇది పప్పూ కాదు, గింజా కాదు. తుంగ జాతికి చెందిన ఒక మొక్క నీటి మడుల్లో, బురద కింద పెంచుకునే చిన్న దుంప. శాస్త్రీయ నామం ఎలియోకారిస్ డల్సిస్. కొమ్ములున్న నల్లటి కాయ సింఘాడాని కూడా ఇంగ్లీషులో ఇదే పేరుతో పిలుస్తారు, అది పూర్తిగా వేరే మొక్క. కొనేటప్పుడు డబ్బా మీద బొమ్మ చూసుకోండి.

నేను వాడినవి 227 గ్రాముల డబ్బాలు. నీళ్ళు వంపేస్తే చేతికొచ్చే ముక్కలు 140 గ్రాములు. నలుగురికి సరిపోయే సలాడ్‌కి ఇది చాలు. లోపల ఉండేది వాటర్ చెస్ట్‌నట్, నీళ్ళు, కొన్నింట్లో కాస్త సిట్రిక్ యాసిడ్. చక్కెర వేయరు.

మూత తీయగానే ముందు వచ్చేది రేకు వాసన. నాన్నకి తెలియదు కానీ నాకూ అమ్మకీ బాగా తెలిసింది. "ఇది పళ్ళలో వేస్తావా?" అని అమ్మ వంటింట్లోంచి వెళ్ళిపోయింది. ఉత్త నీళ్ళతో మూడుసార్లు కడిగినా పూర్తిగా పోలేదు. రెండో డబ్బాకి మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం వేసి, వెంటనే ఐస్ నీళ్ళలోకి తీసి, అందులో ఒక చెంచా నిమ్మరసం పిండి అరగంట వదిలేశాను. వాసన పోయింది. అమ్మ కూడా తినింది. ఈ పని తప్పకుండా చేయండి. డబ్బాలోంచి నేరుగా సలాడ్‌లోకి వేస్తే పళ్ళ రుచి పాడవుతుంది.

మరిగే నీళ్ళలో వేస్తే మెత్తబడదా అని మీకూ అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. మెత్తబడదు. ఈ దుంపలో నాకు నచ్చిన గొప్ప సంగతి ఇదే. డబ్బాలో పెట్టేటప్పుడే దీన్ని మరిగే నీళ్ళకన్నా ఎక్కువ వేడిలో ఉడికిస్తారు. అదే వేడి యాపిల్‌కి పెడితే గుజ్జవుతుంది, ఎందుకంటే యాపిల్ కణాల్ని అంటించి ఉంచే పెక్టిన్ వేడికి కరిగి కణాలు విడిపోతాయి. వాటర్ చెస్ట్‌నట్‌లో కణాల గోడల్ని ఫెరూలిక్ యాసిడ్ అనే పదార్థం ఒకదానికొకటి కుట్టేసినట్టు పట్టి ఉంచుతుంది. ఆ కుట్టు వేడికి ఊడదు. అన్నం సరిగ్గా ఉడక్కపోతే పలుకుగా ఉందంటాం చూడండి, ఈ దుంప ఎంత ఉడికినా పలుకు పోదు.

ఇంకో లాభం కూడా దీంట్లోంచే వస్తుంది. పచ్చి కీరా మీద తేనె వేస్తే పది నిమిషాల్లో నీళ్ళు వదిలేస్తుంది, తీపి లోపలి నీటిని బయటికి లాగేస్తుంది కాబట్టి. వాటర్ చెస్ట్‌నట్ ముందే ఉడికి ఉంది, లోపల నీళ్ళు బిగపట్టుకుని నిలబడాల్సిన పని దానికి లేదు. దాని గట్టిదనమంతా గోడల్లోనే ఉంది. అందుకే తేనె, పంచదార, నిమ్మరసం ఏవి తగిలినా వడలిపోదు, పైగా ఆ రసాన్ని కాస్త లోపలికి తీసుకుంటుంది.

ఇది నిజమేనా అని చూడాలనిపించింది. మూడు చిన్న గిన్నెలు తీసుకుని ఒకదాంట్లో కీరా, ఒకదాంట్లో యాపిల్, మూడోదాంట్లో వాటర్ చెస్ట్‌నట్ వేసి, అన్నింట్లోనూ ఒకే కొలతలో నారింజ రసం, తేనె పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు పొద్దున కీరా గిన్నెలో ముక్కల కన్నా నీళ్ళు ఎక్కువున్నాయి. యాపిల్ అంచులు మెత్తబడ్డాయి, మధ్యలో కొంచెం మిగిలింది. వాటర్ చెస్ట్‌నట్ ముక్క ఒకటి తీసి నాన్న నోట్లో పెట్టాను. కసుక్కుమన్న చప్పుడు పక్కన నిలబడ్డ నాకు వినబడింది. ఆయన నమలడం ఆపి నావైపు చూశారు. "ఇది పలుకుతోందమ్మా" అన్నారు. గిన్నెలోవన్నీ పొద్దున్నే అయిపోయాయి.

ఈ చప్పుడు గురించి ఒక మాట. 2004లో ఆక్స్‌ఫర్డ్‌లో మాసిమిలియానో జాంపినీ, చార్లెస్ స్పెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమందికి చిప్స్ ఇచ్చి, కొరికినప్పుడు వచ్చే చప్పుణ్ణి హెడ్‌ఫోన్లలో పెంచుతూ తగ్గిస్తూ వినిపించారు. చప్పుడు పెద్దగా, సన్నటి ధ్వనులు స్పష్టంగా వినబడితే అవే చిప్స్ ఎక్కువ కరకరగా, తాజాగా ఉన్నాయన్నారు తిన్నవాళ్ళు. అది చదివాక నాన్న మాట నాకు ఇంకా బాగా అర్థమైంది. వాసన లేనివాళ్ళకి తిండిలో చెవి ఎంత పనిచేస్తుందో ఇంట్లోవాళ్ళం మనమే గమనించుకోవాలి.

ఇక లోపాలు. ముక్కలుగా కోసి అమ్మేవి 3 మిల్లీమీటర్ల మందంలో బిళ్ళల్లా ఉంటాయి. వేయించే వంటలకి అవి సరిపోతాయేమో కానీ, పళ్ళ ముక్కల మధ్య అంత పల్చటి బిళ్ళ పంటికి తగిలీ తగలనట్టు ఉంటుంది. గుండ్రంగా మొత్తం దుంపలుండే డబ్బా కొనండి. ఒక్కోదాన్ని నాలుగు చేస్తే ద్రాక్షపండంత ముక్కలొస్తాయి, నమలడానికి నిండుగా ఉంటాయి. నేను వాడిన డబ్బాల్లో ఒక కంపెనీది మాత్రం అసలు బాగాలేదు. సగం ముక్కలు విరిగిపోయి, కొన్ని పీచుగా, కొన్ని బూడిదరంగులో ఉన్నాయి. ఏరి పారేయగా సగమే మిగిలాయి.

రుచి దాదాపు లేదు. కొంచెం తీపి, చివర్లో నాలుకమీద పిండి తగిలినట్టుంటుంది. చెల్లి వాళ్ళుండే చోట హికామా దొరుకుతుంది. తను రెండూ పక్కపక్కన పెట్టుకుని తిని ఫోన్ చేసింది. "హికామాలో రసం ఎక్కువక్కా, ఇందులో అంత లేదు. చప్పుడు మాత్రం ఇదే గట్టిది" అంది. కాబట్టి రసం కోసం పైనాపిల్, నారింజ కాస్త ఎక్కువే వేయాలి.

నిలవ సంగతి చెప్తాను. తెరిచాక మిగిలినవి రేకు డబ్బాలోనే ఉంచకండి. గాజు సీసాలోకి మార్చి, మునిగేదాకా మంచినీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రోజూ నీళ్ళు మారిస్తే మూడు రోజులు బాగుంటాయి. డబ్బా ఉబ్బినా, కారుతున్నా తెరవకుండా పారేయండి. రుచి చూసి నిర్ణయిద్దామనుకోవద్దు. మా ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే పాడైన వాసన నాన్నకి తెలియదు. పచ్చి వాటర్ చెస్ట్‌నట్ దొరికేవాళ్ళుంటే అదృష్టవంతులు, దాని తీపి వేరంటారు. కానీ అది నీటి అడుగు బురదలో పెరుగుతుంది, దాన్ని అంటుకుని పేగుల్లో చేరే పరాన్నజీవులు ఉండొచ్చు. బాగా కడిగి, తొక్క తీసి, మరిగే నీళ్ళలో ముంచి తీశాకే తినండి.

వేరేవి కూడా వాడి చూశాను. డబ్బా ప్రతిసారీ దొరకదు కదా. అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది పుచ్చకాయ తొక్క. ఎర్రటి గుజ్జుకీ ఆకుపచ్చ తొక్కకీ మధ్య తెల్లటి భాగం ఉంటుంది, మనం పారేసేది. పచ్చ తొక్క చెక్కేసి, తెల్లటిదాన్ని వేలి గోరంత ముక్కలు చేసి, ఐస్ నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచాను. కీరా చుట్టమే కాబట్టి రుచి అలాగే ఉంటుంది కానీ దానికన్నా బిగువు, నీళ్ళు వదలడం కూడా తక్కువ. చిటికెడు ఉప్పు, నిమ్మరసం తగిలిస్తే పళ్ళ మధ్య చక్కగా కలిసిపోయింది. ఉప్పు మాత్రం వడ్డించే ముందే వేయాలి, ముందే వేస్తే అదీ నీరుకారుతుంది. పుచ్చకాయ కొన్నవారం నేను వాటర్ చెస్ట్‌నట్ డబ్బా జోలికే పోను.

ఆసియా పియర్ అనే గుండ్రటి రకం దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. మామూలు పియర్ పండితే మెత్తబడుతుంది, ఇది పండినా కసుక్కుమంటుంది, తీపీ రసమూ రెండూ ఉంటాయి. నూల్‌కోల్ పైచెక్కు మందంగా తీసేస్తే లోపలి కండ హికామాకి చాలా దగ్గర, కాకపోతే క్యాబేజీ వాసన కాస్త ఉంటుంది. నాన్నకి ఇబ్బంది లేదు, మిగతావాళ్ళకి నిమ్మరసం కాస్త ఎక్కువ పిండాలి. ముల్లంగి వద్దు, ఘాటు పళ్ళని మింగేస్తుంది. సెలెరీ కాడల్ని పళ్ళ ముక్కల్లో వేయడం వింతేమీ కాదు. 1890ల్లో న్యూయార్క్ వాల్‌డార్ఫ్ హోటల్లో పుట్టిన సలాడ్‌లో యాపిల్, సెలెరీ, మయొనీస్ ఇవే ఉండేవి, వాల్‌నట్ తర్వాత వచ్చి చేరింది. కానీ నాన్నకి సెలెరీ పీచు పంటి సందుల్లో ఇరుక్కుంది. రెండోసారి వేయలేదు.

పెకాన్ సంగతి. దానికి దగ్గరి బంధువు వాల్‌నట్, రెండూ ఒకే కుటుంబం చెట్లు. అయితే వాల్‌నట్ పైపొరలో చేదుంటుంది. వాసన తెలియని మనిషికి ఆ చేదు ఒక్కటే ముందుకొస్తుంది. నాన్న మొహంలో అది కనబడింది. ఆయనకి కుదిరింది గుమ్మడి గింజలు. పొడి పెనం మీద సన్నటి సెగన నాలుగైదు నిమిషాలు కదుపుతుంటే ఉబ్బి పటపటమంటాయి, అప్పుడు దించాలి. పూర్తిగా చల్లారాక గాలి చొరబడని సీసాలో పోయాలి. ఏ గింజైనా సలాడ్‌లో కలపొద్దు. చిన్న గిన్నెలో పక్కన పెట్టి, తినేటప్పుడు ఎవరి గిన్నెలో వాళ్ళు చల్లుకోవాలి. నాన్న ఒక్కో చెంచాకీ నాలుగు గింజలు చల్లుకుంటారు. గింజల్లో నూనె ఎక్కువ కాబట్టి నిలవుంటే మక్కు వాసనొస్తాయి, అందుకే సీసా మూత తీసి వాసన చూసే పని నాది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇలా ఉంది. ముందురోజు రాత్రి వాటర్ చెస్ట్‌నట్ ముక్కల్ని నారింజ రసం, తేనె, నిమ్మరసంలో నానబెడతాను, వాటి చప్పదనం పోతుంది. పొద్దున పైనాపిల్, ద్రాక్ష కలుపుతాను. యాపిల్ కోసి నిమ్మరసం పట్టించి తినడానికి పది నిమిషాల ముందు వేస్తాను. దానిమ్మ గింజలు ఆఖరున. పెరుగు వేయను, పైనాపిల్‌తో కలిసి కాసేపుంటే చేదెక్కుతుంది.

5లో 4 ఇస్తాను. రేకు వాసనకీ, డబ్బాకీ డబ్బాకీ నాణ్యత మారిపోవడానికీ ఒకటి తగ్గించాను. రసం కావాలనుకునేవాళ్ళు ముందు పుచ్చకాయ తొక్కో ఆసియా పియరో వెతుక్కోండి. రేపటిదాకా చప్పుడు నిలవాలి, ముందే చేసి పెట్టుకోవాలి అంటే దీనికి సాటైంది నాకు ఇంతవరకు కనబడలేదు.

ఈ ఆదివారానికి రెండు డబ్బాలు తెచ్చి పెట్టాను, ఒకటి బిళ్ళలది, ఒకటి గుండు దుంపలది. నాన్న రెండూ చేత్తో ఊపి చూసి గుండు దుంపల డబ్బా నాకిచ్చారు.